రెండు నడికట్లు

అబూ ఖుహాఫాకు చూపు లేదు. కొడుకు ఊరొదిలి వెళ్ళిపోయాడన్న మాట చెవిన పడగానే తడుముకుంటూ కొడుకింటికి వచ్చాడు. మక్కాలో 622లో జరిగిన సంగతి ఇది. కొడుకు అబూబకర్ గుడ్డల వర్తకుడు, ఊళ్ళో పరపతి ఉన్న మనిషి. ముహమ్మద్ ప్రవక్తను చంపాలని ఊరి ఖురైష్ తెగ పెద్దలు ఆలోచన చేశారు. అది తెలిసి ప్రవక్త మక్కా విడిచారు. తోడుగా అబూబకర్ కూడా కదిలారు. వెళ్తూ ఇంట్లో ఉన్న రొక్కమంతా, ఐదారు వేల దిర్హములు, వెంట తీసుకుపోయారు. దారిలో ఎవరిని బతిమాలాల్సి వస్తుందో, ఎవరికి చెల్లించాల్సి వస్తుందో ముందే తెలిసే ప్రయాణం కాదది.

ముసలాయన వస్తూనే అందుకున్నాడు. తాను పోయింది చాలక డబ్బు కూడా ఊడ్చుకుపోయి మిమ్మల్ని దిక్కులేనివాళ్ళను చేసి ఉంటాడు అన్నాడు. పెద్ద మనవరాలు అస్మా ఎదురొచ్చింది. అదేం లేదు తాతా, మాకు బోలెడు ఉంచే వెళ్ళారు అంది. అని ఊరుకోలేదు. నాలుగు రాళ్ళు ఏరుకొచ్చి, తండ్రి డబ్బు దాచుకునే గోడ గూట్లో పెట్టి, పైన గుడ్డ కప్పింది. తాత చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ గుడ్డ మీద ఆనించింది. ఆయన తడిమి చూసుకున్నాడు. ఇంత ఉంచాడంటే పర్వాలేదు, మంచి పనే చేశాడు, మీకు జరిగిపోతుంది అని తేలికపడ్డాడు.

ఆ గూట్లో చిల్లిగవ్వ లేదు. ముసలి ప్రాణం కుదుటపడాలని అలా చేశానని తర్వాతెప్పుడో అస్మాయే చెప్పింది. ఆ తాత అప్పటికి ఇస్లాంలోకి రాలేదు కూడా. కొడుకు దారి ఆయనకు నచ్చలేదు, ఆ కొడుకు వెళ్ళిపోయినందుకు బెంగ మాత్రం ఉంది. ఆ బెంగను మనవరాలు అర్థం చేసుకుంది.

అప్పటికి ఆమెకు 27 ఏళ్ళని సంప్రదాయం లెక్క. ఇస్లాం తీసుకున్న తొలి ఇరవై మందిలో ఆమె పేరు ఉంటుంది. భర్త జుబైర్ ఇబ్న్ అవ్వామ్, ప్రవక్తకు మేనత్త కొడుకు. చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా కనబడే ఆయిషా ఈమెకు చెల్లెలు. తండ్రి ఒకరే, తల్లులు వేరు. అక్క పేరు చెల్లెలి పేరంత మోగదు. కానీ తొలినాళ్ళ ఇస్లాం చరిత్రలో ఒక మామూలు ఇల్లాలు ఎలా బతికింది, ఏం తిన్నది, ఎంత మోసింది అని అడిగితే నేను ముందు అస్మా దగ్గరికే వెళ్తాను. ఎందుకంటే ఆమె తన జీవితాన్ని తానే చెప్పుకుంది. కొడుకు ఉర్వా మదీనాలో పెద్ద పండితుడయ్యాడు. అతని ద్వారా, మనవరాలు ఫాతిమా ద్వారా ఆమె మాటలు హదీసు గ్రంథాల్లోకి చేరాయి.

మక్కాకు దక్షిణాన సౌర్ అనే కొండ ఉంది. మదీనా ఉండేది ఉత్తరాన. వెతికేవాళ్ళు ఉత్తరం దారి పడతారని ప్రవక్త, అబూబకర్ దక్షిణానికి వెళ్ళి ఆ కొండ గుహలో మూడు రాత్రులు దాగారు. అస్మా తమ్ముడు అబ్దుల్లా పగలంతా ఊళ్ళో మాటలు విని, చీకటి పడ్డాక వెళ్ళి చెప్పేవాడు. ఆమిర్ ఇబ్న్ ఫుహైరా అనే అతను గొర్రెల మందను ఆ వైపు తోలేవాడు. పాలు అందేవి, అబ్దుల్లా అడుగుల మీద మంద నడిస్తే జాడ చెరిగిపోయేది. తిండి సంగతి అస్మా చూసుకుంది.

ఒకరోజు తిండి సంచి సిద్ధం చేసింది గానీ మూతి బిగించడానికి తాడు దొరకలేదు. అప్పటి అరబ్బు ఆడవాళ్ళు పనిచేసేటప్పుడు నడుముకు ఒక గుడ్డ బిగించుకునేవారు. అస్మా తన నడికట్టు విప్పి నిలువునా రెండుగా చింపింది. ఒక పీలికతో సంచి మూతి కట్టింది. రెండోది తిరిగి నడుముకు చుట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమెకు రెండు నడికట్ల ఆమె అన్న పేరు పడింది.

వాళ్ళు వెళ్ళిపోయారని తెలిశాక ఖురైష్ మనుషులు కొందరు ఇంటి మీదికి వచ్చారు. వాళ్ళలో ప్రవక్తకు బద్ధ విరోధి అబూ జహల్ ఉన్నాడు. మీ నాన్న ఎక్కడ అని అడిగాడు. నాకు తెలియదు అంది అస్మా. చాచి చెంప మీద కొట్టాడు. ఆ దెబ్బకు చెవి పోగు ఊడి దూరంగా పడింది. ఆమె నోటి నుంచి మాత్రం ఏమీ రాలలేదు.

కొంతకాలానికి ఆమె కూడా మదీనాకు బయలుదేరింది. నిండు నెలలు. మదీనా శివారులోని ఖుబా అనే పల్లె చేరగానే నొప్పులు వచ్చి కొడుకు పుట్టాడు. మక్కా నుంచి వలస వచ్చినవాళ్ళకు మదీనాలో పుట్టిన మొదటి బిడ్డ. తీసుకెళ్ళి ప్రవక్త ఒడిలో పెట్టింది. ఆయన ఖర్జూరం నమిలి, ఆ రసం పసివాడి నోటికి అందించి, అబ్దుల్లా అని పేరు పెట్టారు. ఆ బిడ్డ పుట్టాడని మదీనాలో వలసదారులంతా సంబరపడ్డారు. ఈ బిడ్డను గుర్తుంచుకోండి.

మదీనాలో కాపురం గురించి అస్మా చెప్పిన మాటలు చదివినప్పుడల్లా నాకు ఆమె మీద గౌరవం పెరుగుతుంది. యుద్ధాల గురించి, గొప్పవాళ్ళ సహవాసం గురించి చెప్పుకోవడానికి ఆమెకు ఎంతో ఉంది. ఆమె చెప్పింది గుర్రం గురించి. జుబైర్ తనను పెళ్ళి చేసుకున్ననాడు ఒక గుర్రం, నీళ్ళు మోసే ఒక ఒంటె తప్ప భూమి మీద ఇంకేమీ లేదట. గుర్రానికి మేత తానే వేసేది. నీళ్ళు తానే తోడేది. తోలు బొక్కెన చిరిగితే తానే కుట్టేది. పిండి తానే పిసికేది. రొట్టె కాల్చడం మాత్రం సరిగా వచ్చేది కాదట. ఇరుగుపొరుగున ఉన్న మదీనా ఆడవాళ్ళు వచ్చి కాల్చి పెట్టేవాళ్ళు, ఎంతో మంచివాళ్ళు వాళ్ళు అని తలుచుకుంది. సంపన్నుడైన వర్తకుడి కూతురు, వలస వచ్చిన ఊళ్ళో, పొరుగువాళ్ళు కాల్చిన రొట్టె తిని బతికింది. ఆ రొట్టె కాల్చిన వాళ్ళ పేర్లు మనకు దక్కలేదు. వాళ్ళ మంచితనం దక్కింది.

జుబైర్‌కు ఊరి బయట కొంత భూమి ఇచ్చారు. ఇంటికి దాదాపు నాలుగు కిలోమీటర్లు. అక్కడి నుంచి ఖర్జూరపు గింజలు తట్టలో పోసుకుని నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది. ఆ గింజలు దంచితే పశువులకు దాణా. ఒకరోజు అలా వస్తుంటే దారిలో ప్రవక్త ఎదురయ్యారు, వెంట కొందరు మదీనా వాళ్ళు ఉన్నారు. ఆమె నెత్తిన బరువు చూసి తన ఒంటెను కూర్చోబెట్టారు, వెనక ఎక్కమన్నట్టు. అస్మాకు సిగ్గేసింది. అంతమంది మగవాళ్ళ మధ్య ప్రయాణం. పైగా భర్తకు రోషం ఎక్కువ, అది గుర్తొచ్చింది. ఆమె సంకోచం కనిపెట్టి ప్రవక్త మారు మాట్లాడకుండా ముందుకు సాగిపోయారు. ఇంటికి వచ్చి జరిగింది భర్తకు చెప్పింది. నువ్వు ఆయన వెంట ఎక్కి రావడం కంటే ఆ గింజలు నెత్తిన మోయడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది అన్నాడు జుబైర్. మాట మంచిదే. మర్నాడు తట్ట మాత్రం మళ్ళీ ఆమె నెత్తినే.

చివరికి అబూబకర్ ఒక పనిమనిషిని పంపారు, గుర్రం పని చూసుకోవడానికి. నాకు బానిసత్వం నుంచి విముక్తి దొరికినట్టయింది అని చెప్పింది అస్మా. ప్రవక్త తర్వాత ముస్లింలకు నాయకుడైన ఖలీఫా కూతురు, ఆపైన ఇంకో ఖలీఫా తల్లి అయిన మనిషి తన జీవితంలో విముక్తి గురించి మాట్లాడింది గుర్రానికి మేత వేసే పని తప్పిన రోజు గురించి. ఆ ఒక్క మాట ఆమె ఎంత చాకిరీ చేసిందో చెబుతుంది.

628లో మక్కా వాళ్ళతో హుదైబియా ఒడంబడిక జరిగి రాకపోకలు తెరుచుకున్నాక, మక్కాలో ఉండిపోయిన కన్నతల్లి ఖుతైలా కూతుర్ని చూడాలని మదీనాకు వచ్చింది. అబూబకర్ ఆమెకు ఎప్పుడో విడాకులిచ్చారు. ఆమె పాత విగ్రహారాధనలోనే ఉంది. నెయ్యి, జున్ను లాంటివి తెచ్చింది. అస్మా తల్లిని గుమ్మం బయటే నిలిపింది. తెచ్చినవి ముట్టుకోలేదు. నిలిపింది గానీ మనసు ఒప్పలేదు. ప్రవక్తను అడిగించింది, అమ్మను ఆదరించవచ్చా అని. ఆదరించు, లోపలికి పిలువు అన్న జవాబు వచ్చింది. మతం పేరుతో మీతో పోరాడనివాళ్ళతో మంచిగా ఉండడాన్ని దేవుడు వారించడని చెప్పే ఖుర్ఆన్ 60వ సూరా 8వ ఆయత్ ఈ సందర్భంలోనే అవతరించిందని వ్యాఖ్యాతలు చెబుతారు. ఒక కూతురు గుమ్మంలో నిలబడి పడిన మథన నుంచి ఇంత పెద్ద మాట వచ్చింది.

జుబైర్ కటువైన మనిషి. అస్మా ఒకసారి తండ్రి దగ్గర మొరపెట్టుకుంది. ఓర్చుకోమ్మా, అతను మంచివాడే అన్నారు అబూబకర్. ఓర్చుకుంది. చాలామంది పిల్లలు పుట్టాక, ఆ కాపురం విడాకులతో ముగిసింది. ఆమె పెద్దకొడుకు అబ్దుల్లా దగ్గర ఉండిపోయింది. 656లో జుబైర్ చనిపోయేనాటికి మదీనాలో 11 ఇళ్ళు, బస్రాలో 2, కూఫాలో 1, ఈజిప్టులో 1 ఉన్నాయి. వారసత్వం పొందిన భార్యలు నలుగురు. గుర్రానికి మేత వేసిన మనిషి ఆ నలుగురిలో లేదు.

ఆమెకు డబ్బు మీద ధ్యాస ఉండేదీ కాదు. పిన్ని ఆయిషా కొద్దికొద్దిగా కూడబెట్టి, పోగయ్యాక పంచిపెట్టేది. అమ్మ అలా కాదు, రేపటికని ఏదీ దాచేది కాదు అని అబ్దుల్లా చెప్పుకునేవాడు. వయసు మీద పడింది. తాతకు పోయినట్టే ఆమెకూ చూపు పోయింది. ఒకసారి ఇంకో కొడుకు ముంజిర్ దూరదేశం నుంచి వస్తూ సన్నని ఖరీదైన బట్టలు పంపాడు. చేత్తో తడిమి చూసింది. ఛీ, తిరిగిచ్చేయండి అంది. కొడుకు నొచ్చుకున్నాడు. అమ్మా, అవి లోపలిది కనబడే బట్టలు కావు అన్నాడు. కనబడకపోవచ్చు, ఒంటి తీరు చెప్పేస్తాయి అంది. ముతక బట్టలు కొని తెస్తే, ఇలాంటివి అయితే కట్టుకుంటాను అని తీసుకుంది. కళ్ళు పోయాయి గానీ వేళ్ళను మోసం చేయడం కుదరదు. గూట్లో రాళ్ళు పెట్టిన మనిషి కదా.

ఇక ఆ పెద్దకొడుకు. ప్రవక్త చేతి ఖర్జూరం రుచి చూసిన అబ్దుల్లా, ఇబ్న్ జుబైర్‌గా పేరు పొందాడు. ఉమయ్యా వంశం ఖలీఫా పదవిని తండ్రి నుంచి కొడుక్కి దక్కే ఆస్తిగా మార్చి 680లో యజీద్‌ను గద్దె ఎక్కించినప్పుడు, తలవంచనన్నాడు. మక్కా వచ్చి కూర్చున్నాడు. 683లో యజీద్ సేనలు మక్కాను ముట్టడించాయి. అక్కడి పవిత్ర మందిరం కాబాకు నిప్పంటుకుంది. అంతలో యజీద్ చనిపోవడంతో సేనలు వెనుదిరిగాయి. ఇబ్న్ జుబైర్ తానే ఖలీఫానని ప్రకటించుకున్నాడు. అరేబియా, ఇరాక్, ఈజిప్టు చాలావరకు అతన్ని ఒప్పుకున్నాయి. కాలిన కాబాను మళ్ళీ కట్టించాడు. అది ఎలా ఉండాలన్నదానికి పిన్ని ఆయిషా చెప్పిన మాటే అతనికి ప్రమాణం.

ఆ రోజుల్లోనే కూఫాలో ముఖ్తార్ అనే నాయకుడు లేచాడు. తాయిఫ్ ఊరి సఖీఫ్ తెగవాడు. 685లో కూఫాను పట్టుకున్నాడు. తనకు పైనుంచి కబుర్లు అందుతాయని చెప్పి జనాన్ని మోసం చేస్తున్నాడని ప్రత్యర్థులు అనేవారు. 687లో ఇబ్న్ జుబైర్ తమ్ముడు ముస్అబ్ అతన్ని ఓడించి చంపాడు. ఆ ముస్అబ్‌ను 691లో ఉమయ్యా ఖలీఫా అబ్దుల్ మలిక్ చంపాడు. ఇరాక్ చేజారింది. మిగిలింది మక్కా. మక్కాను పట్టి ఇవ్వడానికి అబ్దుల్ మలిక్ ఒక మనిషిని పంపాడు. అతని పేరు హజ్జాజ్ ఇబ్న్ యూసుఫ్. ఇతనిదీ సఖీఫ్ తెగే, ఇతనిదీ తాయిఫే. ఒకప్పుడు అక్కడ పిల్లలకు చదువు చెప్పినవాడు. తర్వాతి రోజుల్లో ఇరవై ఏళ్ళు ఇరాక్‌ను గుప్పిట పట్టి పాలించాడు. మన బడి పుస్తకాల్లో 711-12లో సింధు మీదికి దండెత్తిన ముహమ్మద్ బిన్ ఖాసిం కనబడతాడు. అతన్ని పంపింది ఈ హజ్జాజే.

692లో మక్కా చుట్టూ సేనలు దిగాయి. అబూ ఖుబైస్ కొండ మీద రాళ్ళు విసిరే యంత్రాలు నిలిపారు. ఆరు నెలలు దాటింది ముట్టడి. తిండి కరువైంది. క్షమిస్తానని హజ్జాజ్ చాటించాడు. దాదాపు 10,000 మంది ఇబ్న్ జుబైర్‌ను వదిలి వెళ్ళిపోయారని చరిత్రకారుడు తబరీ రాశాడు. వెళ్ళినవాళ్ళలో ఇబ్న్ జుబైర్ సొంత కొడుకులు ఇద్దరున్నారు. హజ్జాజ్ వెంట వచ్చిన సిరియా సైనికులు దూరం నుంచి అతన్ని ఎగతాళి చేసేవారు. ఏమని? ఓ రెండు నడికట్ల దాని కొడకా అని. నడుముకు గుడ్డ బిగించి చాకిరీ చేసిన ఆడదాని కొడుకన్న హేళన. వాళ్ళు పుట్టకముందే ప్రవక్త ప్రాణం కాపాడిన పనికి దక్కిన పేరది. అర్ధ శతాబ్దం దాటేసరికి అదే పేరు తిట్టు అయి కూర్చుంది.

చివరికి అబ్దుల్లా తల్లి దగ్గరికి వచ్చాడు. అతనికి దాదాపు డెబ్భై. ఆమెకు దాదాపు నూరు. అమ్మా, నా వాళ్ళంతా వదిలేశారు, కన్నకొడుకులు కూడా, మిగిలిన కొద్దిమంది ఒక గంటకు మించి నిలవలేరు, లొంగితే నేను అడిగింది ఇస్తామంటున్నారు, నువ్వేమంటావు అని అడిగాడు.

ఏ తల్లినైనా అడగండి, లొంగిపో నాయనా, ప్రాణాలు దక్కించుకో అంటుంది. అస్మా అలా అనలేదు. నీ సంగతి నీకే బాగా తెలుసు అంది. నువ్వు నిలబడింది న్యాయం కోసమే అయితే సాగిపో, దానికోసమే నీ మనుషులు చచ్చిపోయారు, ఉమయ్యా కుర్రాళ్ళ చేతికి నీ మెడ అప్పగించకు. లోకంలో సుఖం కోసం నిలబడి ఉంటే నీ అంత చెడ్డవాడు లేడు, నిన్నూ ముంచుకున్నావు, నిన్ను నమ్మినవాళ్ళనూ ముంచావు. ఇంకా ఎన్నాళ్ళు బతుకుతావు? అంది.

చచ్చాక నా శవాన్ని చిత్రవధ చేస్తారేమో అన్నాడు. గొర్రెను కోసేశాక తోలు ఒలిస్తే దానికి నొప్పి ఉంటుందా అంది.

అతను వంగి తల్లి తల మీద ముద్దు పెట్టుకున్నాడు. నా ఆలోచన కూడా ఇదే, నీ నోట వినాలని వచ్చాను అన్నాడు. ఆమె దగ్గరికి తీసుకుంది. కౌగిలిలో చేతికి ఏదో గట్టిగా తగిలింది. తడిమింది. ఇనుప కవచం. ఇదేమిటి, చావుకు సిద్ధపడ్డవాడు తొడుక్కునేదా ఇది అని అడిగింది. నీకు ధైర్యంగా ఉంటుందని తొడుక్కున్నానమ్మా అన్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి నేను ప్రతిసారీ ఆగిపోతాను. డెబ్భై ఏళ్ళ క్రితం మక్కాలోనే, చూపులేని ఒక ముసలి ప్రాణం కుదుటపడాలని చేతికి గట్టిగా తగిలేది పెట్టింది ఈమె. ఇప్పుడు చూపులేని ముసలి ప్రాణం తానే. కుదుటపరచాలని కొడుకు అదే పని చేశాడు. తాత నమ్మాడు. ఈమె నమ్మలేదు. ఇది నాకు ధైర్యం ఇవ్వదు, తీసెయ్యి అంది. తీసేశాడు. మామూలు బట్టల్లో వెళ్ళి కాబా దగ్గర పోరాడి చనిపోయాడు. తల కోసి డమాస్కస్‌కు పంపారు. మొండేన్ని మదీనా వెళ్ళే దారిలో, కొండ వాలున, అందరూ చూసేలా కొయ్యకు వేలాడదీశారు.

రోజులు గడిచినా దింపలేదు. ప్రవక్త సహచరుల్లో పెద్దవాడు ఇబ్న్ ఉమర్ ఆ దారిన వెళ్తూ ఆగి, ఆ శవానికి మూడుసార్లు సలాం చెప్పాడు. నేను నిన్ను ముందే వారించాను అని బాధపడ్డాడు, నువ్వు ఉపవాసాలు చేసేవాడివి, రాత్రంతా ప్రార్థనలో నిలబడేవాడివి, నీవాళ్ళను ఆదుకునేవాడివి అని అందరూ వినేలా చెప్పాడు. అస్మా కూడా వెళ్ళింది. ఏడవలేదు, దండం పెట్టలేదు. ఈ రౌతు గుర్రం దిగే వేళ ఇంకా కాలేదా అని మాత్రం అడిగిందట. శవాన్ని దింపించి యూదుల శ్మశానంలో పారేయించాడు హజ్జాజ్.

అతని కసి అప్పటికీ తీరలేదు. కొడుకును చంపాడు, ఊరును పట్టాడు, ఖలీఫా మెప్పు పొందాడు. ఆ ముసలమ్మ మాత్రం తన ముందు తలవంచలేదు. రమ్మని కబురు పంపాడు. రానంది. మళ్ళీ పంపాడు, ఈసారి బెదిరింపుతో. నువ్వుగా వస్తావా, జుట్టు పట్టి ఈడ్చుకొచ్చేవాణ్ణి పంపించనా అన్నాడు. జుట్టు పట్టి ఈడ్చేవాణ్ణి పంపితే గానీ నేను రాను అని జవాబు పంపింది. నూరేళ్ళ మనిషి. చూపు లేదు. అప్పుడే కొడుకు పోయాడు. చుట్టూ శత్రువు సేనలు.

నా చెప్పులు తెండి అన్నాడు హజ్జాజ్. తొడుక్కుని, పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ, ఊగుతూ తానే బయలుదేరాడు. ఆమె గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. దేవుడి శత్రువుకు నేనేం చేశానో చూశావా అని అడిగాడు.

చూశాను, నువ్వు వాడి ఇహం పాడు చేశావు, వాడు నీ పరం పాడు చేశాడు అంది అస్మా.

ఆమె అంతటితో ఆగలేదు. నా కొడుకును రెండు నడికట్ల దాని కొడకా అని పిలిచావట. అవును, నేనే ఆ రెండు నడికట్ల దాన్ని. ఒకదానితో దైవప్రవక్తకు, మా నాన్నకు తిండి మూట కట్టాను. రెండోది ఏ ఆడదానికైనా నడుముకు ఉండవలసినదే అంది.

హజ్జాజ్ ఇంకా కదలలేదు.

ఇంకో మాట కూడా విను అంది. సఖీఫ్ తెగలోంచి ఇద్దరు పుడతారని ప్రవక్త మాతో చెప్పారు, ఒకడు అబద్ధాలకోరు, ఒకడు వినాశకుడు. అబద్ధాలకోరును చూసేశాం. రెండోవాడు ఎవరా అనుకునేదాన్ని. నువ్వే అయి ఉంటావు.

హజ్జాజ్ వెనుదిరిగి, బదులు చెప్పకుండా వెళ్ళిపోయాడు.